తోబన్న పెండ్లి

స్టూడియో వాళ్లు పంపిన సీడీలో మూడో సీజన్ తొమ్మిదో భాగం చూస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. మే నెలలో డోన్‌లో పది నుంచి పన్నెండు దాకా పోవడం రోజూ ఉండేదే. కానీ ఆ మంగళవారం టీవీ ఆరిపోయే ముందు కనిపించిన బొమ్మ నా కళ్లముందు అట్లే నిలబడిపోయింది. తోబె ఒక మోకాలి మీద వంగి నాగి చేయి పట్టుకుని ఉన్నాడు. కత్తి పక్కన నేల మీద పెట్టాడు. అరవై భాగాల్లో అతను కత్తి కింద పెట్టడం అదే మొదటిసారి.

ఒళ్లో ఉన్న ఇంగ్లిషు స్క్రిప్టు తీసుకుని కిటికీ దగ్గరికి పోయాను. వాక్యం చిన్నదే. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడుగుతున్నాడు. పేజీలు తిప్పాను. పదకొండో భాగంలో పెళ్లిబట్టలు. పన్నెండో భాగంలో మబ్బుకోట మెట్ల మీద పెళ్లి.

"అయిపోయింది," అన్నాను, పైకే.

"ఏం అయిపాయ? బ్యాళ్లా?" అంది వంటింట్లోంచి మా అత్త సుందరలక్ష్మి.

కందిబ్యాళ్లు అయిపోలేదు. నా ముందు స్టీలు పళ్లెంలో ఉన్నాయి. నా పని వాటితోనే. బొమ్మలో మనిషి నోరు ఎన్నిసార్లు తెరిస్తే అన్ని గింజలు వరసగా పెడతాను. పెదవులు మూసుకునే చోట గింజ అడ్డంగా పెడతాను. ఆ చోట ప గాని, బ గాని, మ గాని పడాలి. లేకపోతే గొంతు ఒకచోట, మూతి ఒకచోట ఉంటుంది. వరసకు సరిపోయే తెలుగు మాట దొరికాక గింజలు తీసి మళ్లీ కొత్త వరస పెడతాను. పని అయ్యాక అవే గింజలు పప్పులోకి పోతాయి. రాక్షసుల నోళ్లు లెక్కపెట్టిన బ్యాళ్లు ఉడకవని మా అత్త అంటుంది గాని, ఉడుకుతాయి.

ఆ సీరియల్ పేరు మబ్బుకోట మంత్రగత్తె. జపాన్ వాళ్ల బొమ్మల కథ. పిల్లల ఛానల్లో సాయంత్రం నాలుగున్నరకు తెలుగులో వస్తుంది. నాగి అనే మంత్రగత్తె ఏ మంత్రం చదివినా అది తినే వస్తువైపోతుంది. శత్రువు మీదికి పిడుగు రమ్మంటే ఆకాశంలోంచి పిండివంటలు రాలతాయి. తోబె రాజుగారి సైన్యంలోంచి తరిమేసిన వీరుడు, వాడి కత్తి ఒరలోంచి ఎంత గుంజినా రాదు. వీళ్లిద్దరి వెంట గుర్రు అనే ఒంటికొమ్ము రాక్షసుడు తిరుగుతుంటాడు. ఒకప్పుడు ఏడు లోకాలు ఏలినవాడు, నాగి మంత్రం తగిలి పిల్లి అంత అయిపోయాడు. మొదటి రెండు సీజన్ల తెలుగు మాటలు, యాభై రెండు భాగాలు, నేను రాసినవే. చివర్లో నా పేరు రెండు సెకన్లు కనిపిస్తుంది. మా హరితకు తొమ్మిదేళ్లు. ఆ రెండు సెకన్ల కోసం టీవీకి ముక్కు ఆనించి కూర్చుంటుంది.

పని ఇచ్చింది కిరణ్‌కుమార్. వేంపల్లె వాడు. కడప కాలేజీలో నాకంటే రెండేళ్లు చిన్న, నేను నాటకాలు రాసేటప్పుడు నా వెంట తిరిగేవాడు. ఇప్పుడు హైదరాబాదులో డబ్బింగ్ స్టూడియో చూసుకుంటున్నాడు. "రాక్షసుడు మనూరి మాట మాట్లాడితే ఎట్లుంటాదక్కా?" అన్నాడు మూడేళ్ల కింద. మాట్లాడించాను. పిల్లలకు నచ్చింది. గుర్రు మా సీమ యాసలో తిడుతుంటే గుంటూరు, వరంగల్ పిల్లలు కూడా ఉత్తరాలు రాశారు.

గుర్రుతో ఇబ్బంది లేదు. ఇబ్బంది నాగితో వచ్చింది.

జపాన్ భాషలో నాగి అతన్ని పిలిచేటప్పుడు పేరు తర్వాత మర్యాదకు ఒక చిన్న ముక్క చేరుస్తుంది. ఇంగ్లిషులో అది లేదు, ఒట్టి తోబె. ఒట్టి పేరు రాస్తే గొంతు ఆగిపోయి నోరు ఇంకా కదులుతూ ఉంటుంది. పైగా మా వైపు వయసు పిల్ల పరాయి మగవాణ్ని ఒట్టి పేరుతో పిలవదు. మూడు గింజలు, నడిమిది అడ్డం. తోబన్నా అని రాశాను. పెదవులు కలిసే చోట బ వచ్చి కూర్చుంది. ఆ రోజు నాకు శానా సంతోషమైంది. యాభై రెండు భాగాలు నాగి అతన్ని తోబన్నా, తోబన్నా అంటూనే ఉంది.

అంతటితో ఆగానా అంటే లేదు. రెండో సీజన్ పదిహేడో భాగంలో, మబ్బులో దారి తప్పకుండా నాగి అతని మణికట్టుకు ఎర్రదారం కడుతుంది. ఆ దారం ఏమిటో పిల్లలకు తెలియాలి కదా అని దాన్ని రాఖీ చేశాను. ఇప్పుడు తొమ్మిదో భాగంలో తోబె అదే దారం చొక్కా లోపలినుంచి తీసి చూపించి మరీ పెళ్లికి అడుగుతున్నాడు.

ఫోన్ చేశాను.

"ఏమప్పా కిరణూ, వీళ్లకు పెండ్లవుతాదని ముందే చెప్పొద్దా?"

"నాకు మాత్రం యాడ తెలుసక్కా? వాళ్లు సీజనుకింత అని పంపిస్తారు. మూడోది ఉండాదనే తెల్దు."

"యాభై రెండు భాగాలు అన్నా అన్నా అనింది."

"పైగా రాఖీ."

"రాఖీ బాగుందని అప్పుడు నువ్వే అంటివి."

"బాగానే ఉండాది. అందుకే ఛానలోళ్లు నిన్న నన్ను అరగంట వాయించినారు. అక్కా, వాళ్లు పెండ్లి తీసేయమంటాండారు."

"తీసేసి?"

"ఇద్దరూ కలిసి రాజుగారి సేనలో చేరతాండారని రాయాలంట. పూలు, కొత్తబట్టలు, మెట్లు ఇవన్నీ సన్మానం కింద పోతాయంట."

"సన్మానంలో ఆ పిల్ల ఏడుస్తాది కదప్పా?"

"ఆనందబాష్పాలంట. ఈడ ఒకాయన రెండు దినాల్లో రాసిస్తానంటాండాడు. సోమవారం రికార్డింగు. నువ్వు శుక్రవారం కొరియర్‌లో ఏదన్నా దారి చూపించినావా, నీదే. లేదంటే సీజనంతా ఆయన చేతికి పోతాది. నేను ఆపలేను."

ఫోన్ పెట్టేశాక ఒక చోట కూర్చోలేకపోయాను. ఉతికిన బట్టలు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టాను. ఆ ఒకాయన గుర్రును ఏ యాసలో మాట్లాడిస్తాడో తెలియదు. అంతకంటే, రెండో సీజన్ నుంచి దాచుకున్న దారాన్ని ఒక మనిషి బయటికి తీస్తుంటే, దాన్ని సన్మానం చేయడం నాకు చేతకాదు. తప్పు నాది. ఇంకెవరో వచ్చి దాన్ని ఇంకో అబద్ధంతో కప్పుతారంటే ఒంటి మీద తేలు పాకినట్టుంది.

కరెంటు రాగానే మొదలుపెట్టాను. మొదట తోచింది బావ. నాగికి తోబె మేనత్త కొడుకని తెలిసినట్టు రెండు వాక్యాలు రాసి, బడి సెలవులకు ఇంట్లోనే ఉన్న హరితకు చదివి వినిపించాను.

"మరి ఇన్ని దినాలు బావను అన్నా అనిందా?" అంది హరిత. "అంత తిక్కదా మా నాగి?"

"తెలీక అనింది."

"వాళ్ల నాయనకన్నా తెల్దా?"

కొట్టేశాను. ఇక నుంచి ఒట్టి పేరుతో పిలిచినట్టు రాశాను. గింజల్లో ఒకటి మిగిలింది. గింజ మిగలడం కంటే, నాగి ఉన్నట్టుండి వేరే పిల్ల అయిపోయింది. అదీ కొట్టేశాను.

బుధవారం పొద్దున మా అత్త బియ్యం చేట పట్టుకుని వచ్చి కూర్చుంది. ఆమె సీరియల్ చూడదు. టీవీకి వీపు పెట్టి బియ్యం ఏరుతుంది. గుర్రు మాట్లాడినప్పుడు మాత్రం నవ్వుకు చేట కదులుతుంది.

"వాని గోత్రమేంది?" అంది.

"జపానోళ్లకు గోత్రాలుండవత్తా."

"గోత్రం చూడకుండా పెండ్లెట్ల చేస్తారే? అందుకే ఈ తిప్పలు." రెండు రాళ్లు ఏరి పక్కన పెట్టింది. "అన్నా అనేది పిలుపు. పాలోణ్ని అనమా? ఆటోవాణ్ని అనమా? దానికేం ఫర్వాలేదు. అనిన నోటిని ఎట్ల మళ్లిస్తావనేది నీ చావు. కానీ రాఖీ కట్టినాక? రాఖీ కట్టిన చేత్తో వాని నెత్తిన తలంబ్రాలెట్ల పోస్తాదే ఆ పిల్ల?"

"దానికేనత్తా నేను కొట్టుకులాడేది."

"ఎవరు కట్టమనిరి రాఖీ? మా కాలంలో మనిండ్లల్లో ఉన్న్యాదా అది? ఇదో," అని తన చేయి చాపింది. శ్రీశైలంలో కట్టించుకున్న దారం, రంగు పోయి నూలు తేలింది. "ఇట్లాంటిదని రాసింటే పీడ పోయేది కదా."

నిజమే. ఆ దారం మూడేళ్లుగా రోజూ నా కళ్లముందు తిరుగుతూనే ఉంది. నేను చూడలేదు.

ఆ రోజంతా కాగితాలు చింపడంతోనే పోయింది. మధ్యాహ్నం అన్నానికి అంగడి నుంచి మా ఆయన శివప్రసాద్ వచ్చాడు. ఆయనది స్టీలు సామాన్ల అంగడి. నేను హరితను పిలిచి, "నాన్నకు అన్నం పెట్టినానని చెప్పు," అన్నాను. ఎప్పుడూ అంతే. రసంలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన మజ్జిగ ఎక్కువ పోసుకున్నాడు.

గురువారం పదిన్నరకు, కరెంటు లేని చీకటి గదిలో ఉండలేక, హరిత గౌను కుట్టు విడిపోయిందన్న సాకుతో ఎదురింటికి పోయాను. ఎదురింట్లో జ్ఞానమణి వసారాలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆమె భర్త ప్రకాశం నాపరాళ్ల పాలిషింగ్ పనికి పోతాడు. వాళ్ల కూతురు నిస్సీ, హరిత జట్టు.

"ఏమక్కా, మనిషివి అట్ల పీక్కపోతివి?" అంది మిషన్ ఆపకుండానే. "నిస్సీ చెప్పింది. అన్నకూ చెల్లెలికీ పెండ్లి చేస్తాండావంట."

"నువ్వు కూడా ఎగతాళి చెయ్."

"ఎగతాళి కాదులే. మా చర్చి సంఘంలో అందరూ బ్రదర్లూ సిస్టర్లే కదక్కా. మరి పెండ్లిండ్లు ఆగినాయా?"

నేను గౌను చేతిలో పట్టుకుని నిలబడ్డాను. "నువ్వూ అట్లే అంటివా ఆయన్ని?"

"ఆరేండ్లు. ప్రతి ఆదివారం వందనాలు బ్రదర్, వందనాలు బ్రదర్. ఇంక నిశ్చితార్థమైనంక మొదటి ఆదివారం గుడి వాకిట్లో ఎదురొచ్చినాడు. వందనాలు అంటి. ఆ తర్వాత మాట గొంతులోనే పడిపాయ." మిషన్ ఆగింది. జ్ఞానమణి నా వైపు తిరిగి చూపించింది. నోరు తెరిచింది, మూసింది, తెరిచింది, మూసింది. "ఇట్ల. నీళ్లలోంచి తీసిన చేప మాదిరి. పాస్టరమ్మ చూసి ఒకటే నవ్వు."

"తర్వాత?"

"తర్వాతేముండాది? ఏడాది ఏమీ పిల్లేదు. మిషన్ ఆపితే తననే పిలిచినాననుకొని వచ్చేటోడు."

"ఇప్పుడేమంటావు?"

"ఏమబ్బా అంటా. ఆ మాట ఎప్పుడు వచ్చిందో నాకే తెల్దు. నువ్వేమంటావు మీ ఆయన్ని?"

"హరితను పంపిస్తా."

జ్ఞానమణి నవ్విన నవ్వుకు లోపల్నుంచి నిస్సీ పరిగెత్తుకుంటూ వచ్చింది. నేను అప్పటికే వీధి దాటుతున్నాను. గౌను నా చేతిలోనే ఉండిపోయింది.

ఎందుకంటే ఆ చేప నోరు నేను చూశాను. తొమ్మిదో భాగంలో తోబె అడిగాక నాగి నోరు తెరుస్తుంది, మూస్తుంది. ఐదుసార్లు. శబ్దం లేదు. ఇంగ్లిషులో ఆ చోట బ్రాకెట్టు పెట్టి, ఊపిరి పీల్చింది అని మాత్రం ఉంది. నేను దాన్ని లెక్కలోకి తీసుకోకుండా దాటేశాను.

ఇంకా పదకొండు కాలేదు. కరెంటు రావడానికి గంట పైన ఉంది. ఆరిపోయిన టీవీ ముందు కూర్చున్నాను, లేచాను, వాకిట్లోకి పోయి వీధిలో ఏ ఇంట్లో ఫ్యాను తిరుగుతుందో అని చూసి వచ్చాను. స్టేషన్ వైపు నుంచి రెండు బండ్లు కూసుకుంటూ పోయాయి. ఆ గంట ఊరికే పోనివ్వకూడదని మంచం కింది రేకుపెట్టె గుంజాను. రాసిన ప్రతి భాగానికీ కార్బన్ కాపీ పెట్టుకుంటాను. అంగడి బిల్లుబుక్కుల్లోని కార్బన్లే. పదిహేడో భాగం కాపీ దొరికింది. నీలం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. వేలు పెట్టి చదివాను.

నాగి: పొద్దున మబ్బులో తప్పిపోతావేమో. ఇది కట్టుకో తోబన్నా.

గుర్రు: ఓహో, రాఖీనా? మరి నాదేదీ?

నాలుగుసార్లు చదివాను. రాఖీ అన్న మాట నాగి నోట్లో లేదు. నవ్వొచ్చే మాటలన్నీ గుర్రుకు ఇవ్వడం నాకు అలవాటు, ఆ అలవాటులోనే అదీ వాడికి పోయింది. నాగి దారం కట్టింది, అంతే. ఆమె ఎందుకు కట్టిందో కూడా నేనే రాశాను. రాసి, మరిచిపోయి, రెండేళ్లు రాఖీ అనుకుంటూ తిరిగాను.

పన్నెండుకు కరెంటు వచ్చింది. ఆ ఐదు నోళ్లకూ ఐదు గింజలు పెట్టాను. పేరు లేదు, పిలుపు లేదు. తో అని మొదలుపెట్టి మింగడం ఒకసారి. అన్ అని నాలుక కరుచుకోవడం ఒకసారి. మిగతా మూడూ ఒట్టి గాలి. ఆ తర్వాత తెర మూలలో గుర్రు తల పైకెత్తుతాడు. అక్కడి నుంచి పెన్ను ఆగలేదు.

గుర్రు: ఏమ్మే నాగీ, చేప మాదిరి నోరు పెట్టినావే? అన్నా అను. ఇన్ని దినాలూ ఊరంతా వినబడేటట్ల అంటివి కదా.

నాగి: నువ్వు నోర్ముయ్.

గుర్రు: మరి రాఖీ కట్టినోనితో తాళి ఎట్ల కట్టించుకుంటావు?

నాగి: రాఖీ అని నేనన్నానా? మబ్బులో నాకు లేకుండా పోతాడేమోనని కట్టినా. రాఖీ అని కూసింది నువ్వు!

గుర్రు: నేనా? (కొమ్ము గోక్కుంటాడు.) నేనే. నాదే తప్పప్పా. ఏడు లోకాలు ఏలినోణ్ని, ఏ దారం ఏందో తెలుసుకోకుంటి.

చివరి వాక్యం రాశాక కాసేపు పెన్ను కింద పెట్టాను. వాడు గోక్కున్న కొమ్ము నాది. నా తప్పు వాడి నెత్తిన పెట్టాను, వాడు మోశాడు. తెర మీద ఆ చోట గుర్రు నిజంగానే తలవంచుకుంటాడు. జపాన్‌లో ఎందుకు వంచుకున్నాడో గాని, నాకు సరిపోయింది.

పన్నెండో భాగం దాకా రాశాను. పెళ్లయ్యాక నాగి అతన్ని పిలిచే చోట్లు పదకొండు ఉన్నాయి. అక్కడ ఏమీ తోచలేదు. ఒక్కో చోటా ఒక గీత గీసి వదిలేశాను. శుక్రవారం నాలుగింటికి కొరియర్ వాళ్లకు కవరు ఇచ్చేటప్పుడు కూడా గీతలు అట్లే ఉన్నాయి. పని సగం వదిలి పంపడం నాకు అదే మొదలు. దారి పొడుగునా కాళ్లు వెనక్కి లాగుతూనే ఉన్నాయి.

శనివారం గడిచింది. ఆదివారం గడిచింది. సోమవారం రికార్డింగు రోజు ఫోన్ మోగింది మూడుసార్లు, మూడూ అంగడివే. మా అత్త చూసి చూసి, "ఆ ఫోను పక్కనే కూర్చుంటే అది గుడ్డు పెట్టదు, లేచి కూర తరుగు," అంది.

మంగళవారం పన్నెండున్నరకు కిరణ్ చేశాడు.

"అక్కా, నాగి గొంతిచ్చే పిల్లతో నాలుగు టేకులు పోయినాయి."

"ఎందుకు? నోరు కలవలేదా?"

"నోరు కలిసింది. గుర్రు కొమ్ము గోక్కునే చోట ఆ పిల్లకు నవ్వాగలేదు. ఛానలామె వచ్చి పక్కనే కూర్చుండె. ఆమే నవ్వింది. పెండ్లి ఉంచేయమన్నారు. నీ పేరు అట్లే వేస్తారు."

ఫోన్ తీగ వేలికి చుట్టుకుని నొప్పి పుడుతోందని అప్పుడు తెలిసింది.

"కానీ ఒకటి," అన్నాడు. "ఈ గీతలేందక్కా? పెండ్లయినాక ఏమని పిలుస్తాది? ఇప్పుడు చెప్పాల. ఆ పిల్ల మైకు ముందర నిలబడి ఉండాది."

"నోరెన్నిసార్లు?"

"పాతదే కదా. మూడు. నడమ మూసుకుంటాది."

పళ్లెం అందుకోలేదు. గింజలు అక్కర్లేకపోయింది. "ఏమబ్బా," అన్నాను.

"ఏంది?"

"ఏమబ్బా అంటాది. నడమ పెదవులు మూసుకుంటాయి, చూసుకో."

అవతల కిరణ్ ఆ మాట తనలో తను రెండుసార్లు అనుకోవడం వినిపించింది. "మన సీమ దాటితే తెలుస్తాదా అక్కా ఇది? వాళ్లు ఏమండీ రాయమంటారు."

"ఏమండీకి చివర నోరు సాగుతాది, బొమ్మలో సాగదు. ఆ పిల్ల వాణ్ని మబ్బుల్లో మూడు సీజన్లు మోసింది, ఇప్పుడు అండీ ఏమిటికప్పా? గుర్రు మాట తెలిసినోళ్లకు ఇదీ తెలుస్తాది."

"సరే. ఇదే చెప్తా. తేడా వస్తే మళ్లీ చేస్తా," అని పెట్టేశాడు.

తేడా వస్తుందేమోనని ఫోన్ వైపు చూస్తూనే విస్తరి వేశాను. రెండింటికి మా ఆయన వచ్చాడు. పెరట్లో కొళాయి తిప్పి కాళ్లు కడుక్కుంటున్నాడు. అన్నం వడ్డించాను. హరితను కేకేశాను. పలకలేదు. నిస్సీ వాళ్లింటికి పోయి అరగంటైంది.

గడప మీద నిలబడ్డాను. ఆయన అటు తిరిగి మోచేతులు కడుక్కుంటున్నాడు. నోరు తెరిచాను. మూశాను. మళ్లీ తెరిచాను.

"ఏమబ్బా, అన్నం పెట్టినా."

కొళాయి ఆగింది.

"ఎవరే వాసవీ?" అంది లోపల్నుంచి మా అత్త. "అంగడి మనిషి ఎవరన్నా వచ్చినాడా?"

ఆయన కండువాతో చేతులు తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "కాదులేమ్మా, నేనే," అన్నాడు.